బారసాల జరగని రాయి

మా వదిన పోయిన కబురు నాకు మామిడికాయల కాటా దగ్గర అందింది.

ముందురోజు సాయంత్రం గాలివాన కొట్టి తోటలో సగం కాయ నేలపాలయింది. రాలిన కాయ మొహం ఎవడూ చూడడు. చేతికి మిగిలిన కలెక్టర్ కాయని ట్రాక్టర్లో వేసుకుని పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడ్డాను. బయటివాళ్ళు దాన్ని తోతాపురి అంటారు, మా నూజివీడు వైపు మాత్రం అది కలెక్టరే. నా ముందు ఇంకా బళ్ళున్నాయి. అప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. "అక్క ఇక లేదండీ" అంది. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు.

ఫోను జేబులో పెట్టుకుని టైరు మీద చెయ్యేసి నిలబడిపోయాను. కాటా వేసే ఆయన నన్ను చూసి, "ఏంటండీ, అలా అయిపోయారు?" అన్నాడు.

"మా వదిన పోయిందయ్యా."

"ఎవరూ, సైన్సు మేడమా?" అని కాటా ఆపేశాడు. "ఏడో తరగతిలో నా చెవి మెలేసినావిడండీ. అయ్యో. మీ బండి ముందుకి తెచ్చేయండి, మీరు వెళ్ళాలి కదా."

చావు కబురు చెప్పి వరస దాటడం నాకు నచ్చే పని కాదు. అయినా దాటాను. వదిన ఉంటే దానికీ తిట్టేది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రెడ్డిగూడెం నుంచి విస్సన్నపేట దాకా ఆవిడ అందరికీ సైన్సు మేడమే. నాకు నలభై ఏళ్ళకి పైగా వదిన. ఫ్లెక్సీ కొట్టించడానికి వెళితే షాపువాడు పేరు అడిగాడు. నేను చెప్పబోయి తడబడ్డాను. ఎందుకంటే ఆ పేరు నా నోటితో ఎప్పుడూ అనలేదు, అనే అవసరం రాలేదు. నేను చెప్పదలుచుకున్నది కూడా ఒక పేరు గురించే. ముందే చెప్తున్నాను, ఇందులో మీకు ధైర్యం కలిగించే మాట ఏదీ దొరకదు. నాకూ దొరకలేదు.

వదినది చింతలపూడి. మా అన్నయ్యని చేసుకుని మా ఇంటికి వచ్చేనాటికే టీచరుగా చేస్తోంది. మూఢనమ్మకం అన్న మాట వినబడితే ఆవిడకి ఒళ్ళు మండేది. గ్రహణం పట్టిందంటే చాలు, ఊరంతా తలుపులేసుకుని కూర్చుంటే ఈవిడ పులిహోర కలుపుకుని, గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చేది. మా అమ్మ లోపలినుంచి నెత్తీ నోరూ కొట్టుకునేది. బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే "జలుబు చేసింది, మిరియాల కషాయం తాగు" అని చెప్పి గడప దాటేది. రాహుకాలం చూసుకుని మరీ అప్పుడే ప్రయాణం పెట్టుకునేది. ఇంత మొండిదాన్ని నేను చూడలేదు. ఒకటి రెండుసార్లు ఆ మొండితనం వల్ల బస్సు తప్పిపోయింది కూడా, అది రాహువు పని కాదు, ఆర్టీసీ పని అని వాదించింది.

చెయ్యి ఖాళీగా ఉండేది కాదు ఆవిడకి. ఎవరింటికి వెళ్ళినా చేటలో బియ్యం ఉంటే లాక్కుని రాళ్ళు ఏరుతూ మాట్లాడేది. మా ఊరి మిల్లులో ఆడించిన బియ్యంలో ఇప్పటికీ రాళ్ళొస్తాయి. మా ఆవిడ "అక్కా, నువ్వు వదిలెయ్" అన్నా వినేది కాదు. ఏరిన రాళ్ళన్నీ గడప మీద వరసగా పెట్టి, లేచేటప్పుడు చీపురుతో ఊడ్చేసేది.

అన్నయ్య పోయాక, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఒక ఏడాది పాటు ఏమీ తోచక తిరిగింది. తర్వాత ఎక్కడ తెలుసుకుందో, ఇంటర్నెట్లో గ్రహశకలాలు వెతికే పని ఒకటి పట్టుకొచ్చింది. ఎక్కడో కొండమీద ఉన్న పెద్ద టెలిస్కోపు ఆకాశాన్ని ఫోటోలు తీస్తుందట. ఒకే చోటుని కొద్ది నిమిషాల తేడాతో నాలుగుసార్లు తీసి, ఆ ఫోటోలు స్కూళ్ళకి పంపిస్తారట. వాటిని గబగబా ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూస్తే నక్షత్రాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఏదన్నా చుక్క జరిగితే అది గ్రహశకలం. గ్రహాలు తయారవగా మిగిలిపోయిన రాయి. వదిన బడి నుంచి నలుగురు ఆడపిల్లల్ని ఏరి, ఆదివారాలు ఇంట్లో కూర్చోబెట్టి ఈ పని నేర్పింది. చేటలో బియ్యం పోసి వాళ్ళ ముందు చెరిగింది. "బియ్యమంతా కలిసి కదుల్తుంది. రాయి మాత్రం దాని దారిన అది పోతుంది. చూశారా? మీ అమ్మలు రోజూ చేసే పనేనే ఇది."

"రాళ్ళు ఏరడానికా వదినా రిటైరయ్యావు?" అని నేను ఆటపట్టించాను.

"నువ్వు కాయలు ఏరట్లేదా? నోరు మూసుకుని కూర్చో" అంది.

ఒక ఆదివారం చిన్నరసాలు ఇచ్చి పోదామని వెళితే లోపలినుంచి ఒకటే కేకలు. పాము దూరిందేమో అనుకుని కర్ర పట్టుకుని వెళ్ళాను. తాపీమేస్త్రీ కూతురు, నలుగురిలో చురుకైనది, కుర్చీలోంచి లేచి గెంతుతోంది. "కదిలింది సార్! కదిలింది!" అంది. నేనూ తొంగిచూశాను. బూడిదరంగు తెర మీద దోమరెట్టంత మచ్చ ఒకటి ఇక్కడి నుంచి అక్కడికి జరిగింది. ఇందుకా అంత గోల అనిపించింది. వదిన మాత్రం ఆ నాలుగు ఫోటోలనీ తిప్పుతూనే ఉంది. మామిడిపళ్ళు తినమంటే తినలేదు.

కొన్నాళ్ళకి ఆ రాయికి ఒక గుర్తు వచ్చింది. ముందు సంవత్సరం, తర్వాత రెండు ఇంగ్లీషు అక్షరాలు, వెనక ఒక అంకె. మొదటి అక్షరం ఏ పక్షంలో కనబడిందో చెబుతుంది, నెలకి రెండు అక్షరాలు. రెండోది ఆ పక్షంలో ఎన్నోదో చెబుతుంది. ఐ అక్షరం వాడరు, ఒకటిలా కనబడుతుందని. ఇవన్నీ వదిన ఎంతో గర్వంగా చెప్పింది. "ఓస్, మా కాయ ట్రేల మీద గీసే గుర్తులాంటిదే కదా. పేరు పెట్టరా మరి?" అన్నాను.

"అప్పుడేనా?" అంది.

ఎందుకని నేను మళ్ళీ అడగలేదు. మా తోటల్లోనూ అంతే. అంటు కట్టిన చెట్టుకి పుట్టుకతోనే పేరుంటుంది. టెంక నుంచి దానంతటది మొలిచిన చెట్టుకి మాత్రం కాయ కాసి, పండి, తిని చూసేదాకా పేరుండదు. నచ్చితే దానికో పేరు తగుల్తుంది. అదృష్టం లేకపోతే పేరు రాకుండానే గొడ్డలి వస్తుంది.

ఆ తర్వాత రెండేళ్ళకి వదినకి కిడ్నీలు పోయాయి. డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు కారులో విజయవాడ తీసుకెళ్ళే పని నాది. మైలవరం దాటేదాకా ఆవిడకి ఓపిక ఉండేది, అప్పుడే మాట్లాడేది. ఆకాశంలో రాళ్ళకి పేర్లు ఎలా పెడతారో నేను నేర్చుకున్నదంతా ఆ రోడ్డు మీదే. గుర్తు వచ్చినంత మాత్రాన సరిపోదట. ఆ రాయి సూర్యుడి చుట్టూ తిరుగుతూ మళ్ళీ మళ్ళీ మనకి కనబడాలి. ఏ రోజున ఎక్కడుంటుందో గట్టిగా లెక్క కట్టగలిగినప్పుడే దానికి శాశ్వతంగా ఒక నంబరు ఇస్తారు. నంబరు వచ్చాక, మొదట కనిపెట్టినవాళ్ళని పేరు సూచించమంటారు. ఒక కమిటీ కూర్చుని సరే అనాలి.

"ఏ పేరైనా పెట్టొచ్చా?"

"ఎక్కడిది? పదహారు అక్షరాలు దాటకూడదు. ఇంగ్లీషులో లెక్క. వీలైతే ఒకటే మాట. నోరు తిరగాలి."

"అయితే మన ఇంటిపేరు పనికిరాదు. ఇంటిపేరు రాసేసరికే పదహారు అయిపోతాయి."

వదిన నవ్వింది. మొదట్లో దొరికినవాటికి దేవతల పేర్లు పెట్టారని చెప్పింది. అన్నిటికన్నా ముందు దొరికినదానికి రోమువాళ్ళ పంటల దేవత పేరు. చాలాకాలం ఆడపేర్లే. మగవాడి పేరు పెట్టాలనుకున్నా చివర ఆడతోక తగిలించేవారట. దేవతలు అయిపోయాక ఊళ్ళు, నదులు, భార్యలు, గురువులు. వ్యాపారం పేర్లు కుదరవు. పెంపుడు కుక్కల పేర్లు వద్దంటారు. డబ్బిచ్చి కొనుక్కోవడానికి వీల్లేదు. రాజకీయ నాయకుడైతే చచ్చిపోయి వందేళ్ళు గడవాలి.

"వందేళ్ళా! మన దగ్గరయితే బతికుండగానే బస్‌షెల్టరు మీద పేరెక్కుతుంది."

"అందుకే వాళ్ళు మన దగ్గర కమిటీ పెట్టలేదు" అంది.

ఇంత సరదాగా సాగుతోంది కదా అని ఒకరోజు అడిగేశాను. "మరి మన రాయికి ఏం పేరు పెడతావు వదినా? పిల్లలు నీకే వదిలేశారట కదా."

వదిన చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కిటికీలోంచి బయటికి చూసింది. "బారసాల కాకుండా పేరు బయటికి చెప్తారా ఎవరైనా?" అంది.

ఆ మాట వేరే ఎవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. గ్రహణంలో పులిహోర తినే మనిషి అంది.

మీకు ఇది చెప్పాలి. అన్నయ్యా వదినలకి ఒక ఆడపిల్ల పుట్టింది. పురుడు పుట్టింట్లో, చింతలపూడిలో. ఆస్పత్రిలో పాప చేతికి కట్టిన చీటీ మీద 'బేబీ ఆఫ్' అని రాసి పక్కన వదిన పేరు ఉంది. మా వైపు ఇరవై ఒకటో రోజున బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి ఉంగరంతో పేరు రాస్తాడు, ఆ తర్వాతే అందరూ ఆ పేరుతో పిలుస్తారు. అప్పటిదాకా పాపే, బుజ్జే. ఏం పేరు అనుకున్నార్రా అని మా అమ్మ అడిగితే, "బియ్యంలో రాసినప్పుడు చూద్దువుగాని" అన్నాడు అన్నయ్య. ఊయలా, వెండి మొలతాడూ కొని ఉంచాం. మేమంతా చింతలపూడి వెళ్ళాం. కానీ బారసాలకి కాదు. దానికి రెండు రోజుల ముందే వెళ్ళాల్సి వచ్చింది. పేరు పెట్టని పిల్లకి కర్మలంటూ ఏమీ ఉండవు. పొలం గట్టున పూడ్చి, స్నానాలు చేసి వచ్చేశాం. ఆ పేరు ఏమిటని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. వాళ్ళిద్దరూ చెప్పలేదు. ఇంక పిల్లలు కలగలేదు.

మైలవరం దాటాక ఆరోజు వదినే మళ్ళీ అంది. "ఆ చీటీ గుర్తుందా నీకు? బేబీ ఆఫ్ ఫలానా. ఈ రాయికి ఇచ్చిన గుర్తు కూడా అంతేనయ్యా. ఫలానా పక్షంలో పుట్టింది, ఫలానా వాళ్ళది. బతికి బట్టకడితే అప్పుడు పేరు."

"అయితే ఆ పేరే..."

"నంబరు రానీ" అని మాట తుంచేసింది.

అప్పటినుంచి ఆ నంబరు నాకూ పట్టుకుంది. రాయి మళ్ళీ కనబడాల్సిన రోజులు వచ్చేవి. తాపీమేస్త్రీ కూతురు విజయవాడలో డిగ్రీలో చేరింది. ఆ అమ్మాయి వెబ్‌సైటు చూసి వదినకి ఫోన్ చేసేది. ఎవరూ చూడలేదు మేడం, అనేది. మొదటిసారి మేము దాన్ని చూసింది కూడా కొద్ది రాత్రులే, అంత తక్కువ చూసిన రాయి దారి లెక్క సరిగ్గా తేలదట. ఏళ్ళు గడిచేకొద్దీ అది ఉండగల చోటు పెరిగిపోతుంది. మొదట ఒక గదిలో వెతికితే చాలు, తర్వాత ఊరంతా వెతకాలి, ఆ తర్వాత జిల్లా. ఆ పని ఎవరు చేస్తారు? వాళ్ళకి భూమి మీద పడే రాళ్ళని వెతకడానికే టైము చాలట్లేదు. మాది ఎవరి మీదా పడదు. అందుకే ఎవరికీ అక్కర్లేదు.

"తప్పిపోయిందంటే లేదని కాదయ్యా" అనేది వదిన మొదట్లో. అలా తప్పిపోయి, ఒక తరం తర్వాత దొరికిన రాయి కూడా ఉందని చెప్పింది. డయాలసిస్ కుర్చీలో పడుకుని పక్కన ఉన్న పేషెంట్లకి కూడా ఆ కథ చెప్పేది. వాళ్ళు వింటూ తలూపేవారు, పాపం.

పోయిన చలికాలం ఇంకోసారి కనబడాల్సిన రోజులు వచ్చి వెళ్ళిపోయాయి. ఆ అమ్మాయి ఫోన్ చేసి ఏమీ లేదని చెప్పింది. వదిన ఫోన్ పెట్టేసి నాతో అంది, "ఉంటే మాత్రం ఏం లాభం? ఎక్కడుందో తెలీనిదాన్ని ఏమని పిలుస్తాం." ఆ తర్వాత కారులో మాటలు తగ్గిపోయాయి. మైలవరం రాకముందే కళ్ళు మూసుకునేది. రాళ్ళు ఏరడం కూడా మానేసింది. మా ఆవిడ కావాలని చేట తెచ్చి పక్కన పెడితే, అలా చూసి అటు తిరిగి పడుకుంది.

చివరి రోజుల్లో డాక్టరు ఇంక ఇంటిదగ్గరే ఉంచుకోమన్నాడు. ఒక మధ్యాహ్నం వసారాలో మంచం మీద పడుకోబెట్టి, తోటలో కోతకి వచ్చిన చిన్నరసం ఒకటి పిసికి గ్లాసులో పోసి ఇచ్చాను. పండు పనికిరాదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడింక పనికిరానిది ఏముంది అనిపించింది. రెండు గుక్కలు తాగింది. అప్పుడు అడిగాను.

"వదినా, ఆ పేరు నాకన్నా చెప్పు."

"నంబరు రానీవయ్యా."

"రాకపోతే?"

ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. "రాకపోతే ఆ పేరు ఎవరికి పనికొస్తుంది?" అంది. గ్లాసు నా చేతిలో పెట్టి కళ్ళు మూసుకుంది.

జీవితమంతా ఒక్క నమ్మకాన్నీ దగ్గరికి రానివ్వని మనిషి, ఈ ఒక్కదాన్ని పట్టుకుని కూర్చుంది. ఒకసారి ముందే పేరు అనుకుని పోగొట్టుకుంది కాబట్టి, రెండోసారి చెబితే ఇదీ పోతుందని భయపడిందేమో. చెప్పలేదు, అయినా పోయింది. దీనికి ఏ సైన్సు మేడం ఏం జవాబు చెబుతుందో నాకు తెలీదు. ఒక్కోసారి ఆవిడ మీద కోపం కూడా వస్తుంది. చెబితే ఏం పోయేది? నేను ఎవరికి చెప్తాను? తోటలో చెట్టుకన్నా పెట్టుకునేవాణ్ణి కదా.

తలకొరివి నేనే పెట్టాను. పెద్దకర్మ నాడు నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురు వచ్చారు. తాపీమేస్త్రీ కూతురు భోజనం అయ్యాక నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"సార్, మేడంకి చెప్పలేదండీ నేను. ఇంక అది దొరకదు సార్. దాని దారి లెక్క పూర్తిగా తప్పిపోయింది. ఎప్పుడైనా ఎవరికన్నా కనబడితే కొత్తదని అనుకుంటారు. వాళ్ళే పేరు పెట్టుకుంటారు."

"మంచిదేగా, ఎవరో ఒకరు పెడతారు" అన్నాను. ఆ అమ్మాయి ముందు ఇంకేం అనాలి?

"మేడం ఏం పేరు అనుకున్నారు సార్? మీకు చెప్పారా?"

లేదన్నాను. ఆ అమ్మాయి ముక్కు చీదుకుని లేచి వెళ్ళిపోయింది.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక వదిన ఇంట్లో మిగిలిన సామాను సర్దుతూ, డబ్బా అడుగున ఉన్న బియ్యాన్ని మా ఆవిడ పళ్ళెంలోకి వంచి వసారాలో పెట్టింది. ఇంకా ఎండ పోలేదు. నేను ఆ పళ్ళెం ముందు కూర్చున్నాను. ఎందుకో బియ్యాన్ని చేత్తో చదును చేశాను. ఉంగరపు వేలు ఆనించి 'శ్రీ' అని రాశాను. బారసాలలో ముందు రాసేది అదే. ఆ తర్వాత వేలు అక్కడే ఆగిపోయింది. ఏ అక్షరంతో మొదలవుతుందో కూడా తెలీదు. తెలిసినవాళ్ళు ముగ్గురే, అన్నయ్య, వదిన, బహుశా చెవిలో ఎప్పుడన్నా చెప్పి ఉంటే ఆ పిల్ల. ముగ్గురూ లేరు.

"ఏం రాస్తున్నారండీ?" అంది మా ఆవిడ వెనక నుంచి.

"ఏం లేదు."

"రాత్రికి ఇవే వండాలి" అంటూ వచ్చి కూర్చుంది. పళ్ళెం తన వైపు లాక్కుని, రెండుసార్లు కుదిపి, రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.